బడి గంట కొట్టాక పిల్లలకు తోడెవరు?

క్లుప్తంగా: బడి వదిలాక పిల్లలకు అండగా ఉంటామనే కార్యక్రమాలు రకరకాలు. వాటన్నిటినీ ‘మెంటారింగ్’ (పెద్దలు తోడుండి దారి చూపడం) అని ఒకే గాటన కట్టడంతోనే ఫలితాల మీద గందరగోళం మొదలైంది. చదువులో వెనకబడ్డ పిల్లలకు వాళ్ల స్థాయి నుంచి మొదలుపెట్టి చెప్పే సాయంత్రం తరగతులకు గట్టి ఆధారాలున్నాయి. ఒక పెద్ద తోడుగా నిలిచే పద్ధతి ఏడాది దాటి సాగితేనే ఫలిస్తుంది. మధ్యలో తెగితే పిల్లల్లో ఉన్న ధైర్యం కూడా పోతుంది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం సాయంత్రాలు ఎక్కువగా పదో తరగతి రివిజన్‌కే పోతున్నాయి.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆఖరి గంట నాలుగుంపావుకో నాలుగున్నరకో కొడతారు. కూలికో, మిల్లుకో, నాలుగిళ్లలో పనికో పోయిన తల్లి ఇంటికి చేరేసరికి ఆరున్నర, ఏడు అవుతుంది. మధ్యలోని ఆ రెండు మూడు గంటల మీద ఇప్పుడు చాలామంది కన్ను పడింది. స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) విభాగాలు, ఇంజినీరింగ్ కాలేజీల జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) యూనిట్లు, అపార్ట్‌మెంట్లలో వారాంతపు బృందాలు, సంక్షేమ హాస్టళ్లలో ట్యూటర్లు... అందరూ చేసేదాని పేరు ఒక్కటే. ఒక నివేదిక దీన్ని అద్భుతం అంటుంది, మరొకటి డబ్బు దండగ అంటుంది. చదివేవారికి ఏది నిజమో పాలుపోదు. రెండూ నిజం కావచ్చు. ఎందుకంటే ఆ రెండు నివేదికలు కొలిచింది ఒకే వస్తువును కాదు.

ఖాళీ అనిపించే ఆ మూడు గంటలు

అమెరికాలో ఈ కార్యక్రమాలు పెరగడానికి మొదటి కారణం చదువు కాదు, పోలీసు లెక్కలు. బడి ఉన్న రోజుల్లో మైనర్లు చేసే హింసాత్మక నేరాలు మధ్యాహ్నం మూడు గంటలకు, అంటే సరిగ్గా బడి వదిలే వేళకు, తారస్థాయికి చేరతాయని అక్కడి న్యాయశాఖ గణాంకాలు ఏళ్ల తరబడి చూపించాయి. సెలవు రోజుల్లో అదే శిఖరం రాత్రి వేళకు జరుగుతుంది. కాబట్టి పిల్లలు పెద్దల కనుసన్నల్లో లేని గంటలే ముప్పు అన్న వాదనకు బలం వచ్చింది. 1994లో రూపుదిద్దుకున్న సమాఖ్య పథకం ‘21వ శతాబ్దపు సామాజిక అభ్యసన కేంద్రాలు’ వెనక ఉన్న ఆలోచనల్లో ఇదొకటి.

మన దగ్గర ఆ గంటల బొమ్మ వేరు. మగపిల్లాడైతే సెల్‌ఫోను, లేదంటే మెకానిక్ షెడ్డు, మిర్చి బజ్జీల బండి. ఆడపిల్ల విషయంలో అసలు అది ఖాళీ సమయమే కాదు. నీళ్లు పట్టడం, అంట్లు, తమ్ముణ్ని అంగన్‌వాడీ నుంచి తేవడం, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం. ఆమెను సాయంత్రం తరగతికి పిలవడమంటే ఇంట్లో ఒక పనిమనిషిని తగ్గించడమే. ఈ సంగతి గమనించని కార్యక్రమాల్లో మొదటి నెల పట్టీలో ఉన్న ఆడపిల్లల పేర్లు మూడో నెలకు చెల్లాచెదురవుతాయి. నిర్వాహకులు దానికి ‘తల్లిదండ్రుల్లో అవగాహన లేకపోవడం’ అని పేరు పెడతారు. తల్లికి అవగాహన నిండుగానే ఉంది. ఆమె లెక్కలో ఆ గంట ఖరీదు వేరు, అంతే.

వారాల నుంచి హాస్టళ్ల దాకా

ఊరు చదువుకునే పిల్లాడి భారాన్ని పంచుకోవడం తెలుగువారికి కొత్త కాదు. పేద విద్యార్థి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం చేస్తూ చదువుకోవడాన్ని ‘వారాలు చేసుకోవడం’ అనేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో. ఆ ఏర్పాటులో దయ ఎంతుందో క్రమం అంతకన్నా ఎక్కువుంది. ఫలానా రోజు ఫలానా ఇంట్లో విస్తరి వేస్తారన్నది ఖాయం. దాని హద్దూ అంతే ఖాయం: ఆ గడపలు కులాన్ని బట్టే తెరుచుకునేవి.

తరవాత ఆ భారం హాస్టళ్ల మీదికి మళ్లింది. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ లాంటివి కులసంఘాల చొరవతో వచ్చాయి. అదే ఏడాది వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు, రాత్రి బడులు మరో దారి చూపించాయి. స్వాతంత్ర్యం తరవాత ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ హాస్టళ్లు, ఆపైన గురుకులాలు ఆ బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించాయి. అన్నం, మంచం, పుస్తకం ప్రభుత్వం చూసుకుంటుంది. పిల్లాడు ఎవరితో మాట్లాడతాడన్న ప్రశ్న మాత్రం ఏ జీవోలోనూ ఇమడలేదు.

ఈ వరసలో విడిగా చెప్పుకోవాల్సింది ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ పని. 1981లో ఏర్పడిన ఈ సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మీద దృష్టి పెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వారి మొదటి సూత్రం. పిల్లల్ని పని నుంచి తప్పించి బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో చేర్చి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టేవారు. అక్కడ అసలు సాధనం శిబిరం ఒక్కటే కాదు, ఊళ్లోని యువత కూడా. తమ ఇళ్లలో మొదటగా చదువుకున్నవాళ్లే యజమానితో, తండ్రితో, హెడ్మాస్టరుతో వాదించి పిల్లను బడిలో నిలబెట్టారు. మెంటార్ అన్న మాట ఎవరూ వాడలేదు గానీ, జరిగింది అదే. సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే.

ఒకే పేరు, మూడు పనులు

బడి వేళ తరవాతి కార్యక్రమం ఏదైనా మూడు పనుల్లో ఒకటో రెండో చేస్తుంది. మొదటిది కాపలా: పిల్లలు క్షేమంగా ఒకచోట ఉంటారు, ఆడుకుంటారు, ఏదో ఒకటి తింటారు. రెండోది చదువు పూడ్చడం: తరగతిలో అందనిదాన్ని అందేలా చెప్పడం. మూడోది తోడు: ఇంట్లోవాళ్లూ టీచరూ కాని ఒక పెద్ద, పిల్ల జీవితంలో కొన్నాళ్లు నిలకడగా కనిపించడం. ఈ మూడూ పనిచేసే తీరు వేరు, చెడే తీరూ వేరు. కాపలాకు గది, గేటు, మనిషి చాలు. చదువు పూడ్చడానికి పద్ధతి కావాలి. తోడుకు కాలం కావాలి. కాపలా కార్యక్రమాన్ని మార్కులతో కొలిచినా, తోడు కార్యక్రమాన్ని హాజరుతో కొలిచినా వచ్చే జవాబు తప్పే.

పైన చెప్పిన అమెరికా సమాఖ్య పథకానికి పట్టిన గతి ఇదే. ఆ దేశ విద్యాశాఖ చేయించిన మదింపు ఫలితాలు 2003 నుంచి విడతలుగా బయటికొచ్చాయి. ప్రాథమిక తరగతుల పిల్లలకు సాయంత్రాలు భద్రంగా ఉన్నామన్న భావన పెరిగింది, మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హోంవర్క్ చేసుకోండి అని బల్ల దగ్గర కూర్చోబెడితే చదువు రాదని ఆ నివేదిక చెప్పినట్టయింది. అది కాపలాగా నెగ్గింది, బడిగా ఓడింది. వార్తల్లో మాత్రం రెండో సగమే వచ్చింది.

చదువు పూడ్చడం: పద్ధతి ఉంటే చాలు, డిగ్రీ అక్కర్లేదు

ఈ రెండో పనికి అత్యంత బలమైన ఆధారాలు మన దేశానివే. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005-06లో పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ, ఆర్థికవేత్తలు కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో బడి కమిటీ హక్కుల గురించి సభలు పెట్టారు. ఇంకొన్నిట్లో పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో ఊరివాళ్లకే పరీక్షించి చూపించారు. మరికొన్నిట్లో ఈ రెంటితోపాటు, ఊరి యువతకు చదవడం నేర్పే చిన్న పద్ధతిని నేర్పి, బడి వేళ కాని సమయంలో శిబిరాలు నడపమన్నారు. సభల వల్ల, పరీక్షల వల్ల ఏమీ మారలేదు. శిబిరాలకు వచ్చిన పిల్లల్లో మాత్రం స్పష్టమైన మార్పు కనిపించింది. అక్షరం రాని పిల్లలు అక్షరాలు గుర్తుపట్టే దశకు వచ్చారు. చిక్కేమిటంటే, ఆ ఊళ్ల పిల్లల్లో శిబిరాలకు వచ్చినవాళ్లు దాదాపు 8% మాత్రమే. మందు పనిచేసింది, మింగినవాళ్లు తక్కువ.

ఆ హాజరు సమస్యను తమిళనాడు పట్టుకుంది. కోవిడ్ వల్ల ఏడాదిన్నర పాటు బడులు మూతపడ్డాక, 2021 అక్టోబరులో ‘ఇల్లం తేడి కల్వి’ మొదలైంది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చదువు అని ఆ పేరుకు అర్థం. సుమారు 2 లక్షల మంది వాలంటీర్లు, అందులో ఎక్కువమంది స్త్రీలు. నెలకు 1,000 రూపాయల పారితోషికం. ఒక్కొక్కరి దగ్గర 20 మంది పిల్లలు. అంటే పిల్లకు నెలకు 50 రూపాయలు. సాయంత్రం గంట, గంటన్నర సేపు వాకిట్లోనో, గుడి మండపంలోనో, అంగన్‌వాడీ గదిలోనో కూర్చోబెట్టి పాట, ఆట, చదువు, లెక్క. వీధి చివరే ఉన్న అక్క ఇల్లు కాబట్టి బస్సు అక్కర్లేదు, చీకటి భయం లేదు, తల్లి కేకేస్తే వినపడుతుంది. జౌన్‌పూర్‌లో దొరకని హాజరు ఇక్కడ దొరకడానికి వాడిన ఉపాయం దూరాన్ని తీసేయడమే. ఇందులో బోధనా శాస్త్రం కన్నా పల్లె వీధి తెలిసిన తెలివి ఎక్కువ.

గ్రామీణ తమిళనాడులో దాదాపు 19,000 మంది పిల్లలను కోవిడ్‌కు ముందూ తరవాతా పరిశీలించిన ఆర్థికవేత్తలు, బడులు తెరిచిన ఆరు నెలల్లో నష్టపోయిన చదువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చిందని, ఆ కోలుకోవడంలో 24% ఈ సాయంత్రం తరగతుల వల్లేనని లెక్కగట్టారు. ఈ రంగంలో ఇంత పెద్ద ఎత్తున, ఇంత తక్కువ ఖర్చుతో వచ్చిన ఫలితం అరుదు.

‘వాలంటీరు’ అన్న మాటతోనే ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న ఇబ్బంది ఉంది. 2019 నుంచి కొన్నేళ్ల పాటు ఆ మాటకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పథకాలు ఇంటికి చేర్చే మనిషి అన్న అర్థం స్థిరపడింది. ఊళ్లో ఎవరైనా వాలంటీరుగా చదువు చెబుతామంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ‘ఏ పార్టీ తరఫున?’ అన్నదే. ‘అక్క’, ‘అన్న’ అనిపించుకుంటూ పని మొదలుపెట్టే సంస్థలకు ఈ తలనొప్పి కొంత తక్కువ.

తోడు: ఏడాది గడిస్తేనే లెక్క

మూడో పనిలో అందరూ ముందుగా చెప్పుకొనేది అమెరికాలోని ‘బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్’. న్యూయార్క్ బాలల కోర్టులో క్లర్కుగా ఉన్న ఎర్నెస్ట్ కౌల్టర్, కోర్టుకొచ్చే పిల్లలకు ఒక్కొక్క పెద్దవాణ్ని జతచేయాలని 1904లో మొదలుపెట్టిన ఉద్యమం దాని మూలాల్లో ఒకటి. 1995లో వెలువడిన అధ్యయనం దానికి పేరు తెచ్చింది. 10 నుంచి 16 ఏళ్ల మధ్య 959 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఏడాదిన్నర తరవాత చూస్తే, తోడు దొరికిన గుంపులో కొత్తగా మాదకద్రవ్యాలు మొదలుపెట్టేవారు 46%, మద్యం మొదలుపెట్టేవారు 27% తక్కువ.

విచిత్రమేమిటంటే ఆ పెద్దలు పాఠాలు చెప్పలేదు, నీతులూ చెప్పలేదు. నెలకు రెండు మూడుసార్లు కలిసి, మూడు నాలుగు గంటలు ఏదో ఒకటి చేశారు: ఆడటం, తినడం, తిరగడం. తరవాతి విశ్లేషణల్లో ఇంకో సంగతి తేలింది. మేలులో కొంత భాగం తల్లిదండ్రులతో పిల్లల సంబంధం మెరుగుపడటం ద్వారానే వచ్చింది. మాట వినే ఒక పెద్ద దొరికితే, మిగతా పెద్దల మీద కూడా నమ్మకం కలుగుతుందన్నమాట. మేనమామ, బాబాయి, పక్కింటి మాస్టారు చేసిన పని ఇదే. ఉద్యోగాల కోసం కుటుంబాలు ఊళ్లు మారిన కొద్దీ ఆ కుర్చీ ఖాళీ అయింది, దాన్ని నింపడానికి ఇప్పుడు దరఖాస్తు ఫారం కావాల్సి వస్తోంది.

అదే సమాచారాన్ని 2002లో మళ్లీ తరచి చూసినప్పుడు అసలు విషయం బయటపడింది. ఏడాదికి మించి సాగిన జతల్లో మేలు ఎక్కువ. ఆరు నెలల లోపువాటిలో దాదాపు శూన్యం. మూడు నెలల లోపే తెగిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న విలువ తగ్గింది; అసలు తోడే దొరకని పిల్లల కన్నా వీళ్ల పరిస్థితి దిగజారింది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఈ కార్యక్రమాలకు వచ్చే పిల్లల్లో చాలామందిని ఒక పెద్ద అప్పటికే వదిలేసి ఉంటారు. రెండో మనిషీ చెప్పాపెట్టకుండా మాయమైతే తప్పు తనలోనే ఉందని పిల్ల తేల్చేసుకుంటుంది.

మన నగరాల్లోని వారాంతపు బృందాలు తప్పక చూసుకోవాల్సిన లెక్క ఇది. ఐటీ ఉద్యోగి రెండు శనివారాలు వస్తాడు, మూడో శనివారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటుంది, నాలుగో వారం ఊరికి. కాలేజీ కుర్రాడు ఎన్‌ఎస్‌ఎస్ గంటలు పూర్తయ్యాక సెలవు తీసుకుంటాడు. అమెరికాలో తెలుగు కుటుంబాల పిల్లలు కాలేజీ దరఖాస్తుల్లో చూపించడానికి లెక్కపెట్టుకునే సేవా గంటలదీ ఇదే తంతు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ ఇలాంటివారికి గుంపుకు కథ చదివి వినిపించే పనో, లెక్కల సందేహాలు తీర్చే పనో ఇవ్వొచ్చు. ఒక పిల్లకు ‘నీ అన్న’ అని జతచేయకూడదు.

మేలు చేయబోతే కీడు

మంచి ఉద్దేశం కీడు చేయదన్న నమ్మకాన్ని దెబ్బతీసిన ప్రయోగం ఒకటుంది. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో 506 మంది అబ్బాయిలను జతలు జతలుగా పోల్చి రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు సగటున ఐదేళ్లకు పైగా సలహాదారుల రాకపోకలు, ట్యూషన్లు, వైద్యం, వేసవి శిబిరాలు. రెండో గుంపుకు ఏమీ లేదు. 30 ఏళ్ల తరవాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకొని 1978లో ఫలితం ప్రకటించారు. సాయం అందిన గుంపులో చాలామంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు వేరే చెప్పాయి. నేరం చేసినవారిలో మళ్లీ చేసినవాళ్లు, మద్యానికి లొంగినవాళ్లు, తొందరగా చనిపోయినవాళ్లు సాయం అందిన గుంపులోనే ఎక్కువ.

ఎందుకలా జరిగిందన్న దానికి తరవాత దొరికిన ఆధారం వేసవి శిబిరాల వైపు చూపించింది. ఒకటికి మించి శిబిరాలకు వెళ్లిన పిల్లల్లోనే కీడు పోగుపడింది. దారి తప్పుతున్న కుర్రాళ్లను ఒకచోట చేర్చి, పెద్దల పట్టు లేకుండా వదిలేస్తే, వాళ్లు ఒకరినొకరు మెప్పించుకోవడానికి పోటీ పడతారు. ఎవరు బరితెగిస్తే వాళ్లకు నవ్వులు, చప్పట్లు. ‘సమస్యాత్మక విద్యార్థులకు ప్రత్యేక శిబిరం’ అని ప్రకటించే ముందు అధికారులు గుర్తుంచుకోవాల్సిన ఫలితమిది. ఇంకో పాఠం కూడా ఉంది. పిల్లలు ‘బాగుంది’ అన్నారని ఫీడ్‌బ్యాక్ ఫారాలు లెక్కపెట్టి నివేదిక రాస్తే, ఈ కార్యక్రమం కూడా ఘనవిజయమే అయ్యేది.

గుంపుగా కూర్చోబెట్టినా కీడు కలగకుండా చూసిన ఉదాహరణ షికాగోలో ఉంది. ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో పేద పేటల అబ్బాయిలు వారానికి ఒక గంట ఒక శిక్షకుడితో కూర్చుంటారు. మొదట్లో చేయించే ఒక ఆట ఇది. ఇద్దరిద్దరిని జతచేసి ఒకడి చేతికి బంతి ఇస్తారు. 30 సెకన్లలో ఆ బంతి తీసుకొమ్మని రెండోవాడికి చెబుతారు. అందరూ కలబడతారు: పిడికిలి విప్పడం, చెయ్యి మెలిపెట్టడం, నేల మీద దొర్లడం. టైము అయిపోయాక శిక్షకుడు ఒక్కటే అడుగుతాడు: ‘బంతి ఇవ్వమని ఎవరైనా అడిగారా?’ అడిగినవాడు దాదాపు ఉండడు. ‘అడిగితే ఇచ్చేవాడివా?’ అంటే ‘ఇచ్చేవాణ్నే, వట్టి బంతేగా’ అంటాడు అవతలివాడు. ఆవేశానికీ చేతకూ మధ్య ఒక్క క్షణం ఆగడాన్ని అలవాటు చేయడమే ఇందులోని కిటుకు. 2009-10లో 2,740 మంది అబ్బాయిలతో జరిగిన మొదటి పరీక్షలో, కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50% తగ్గాయి. గుంపు అదే, వయసు అదే. ప్రతి గంటకూ ఒక పని, దాన్ని పట్టి నడిపే ఒక పెద్ద ఉండటం ఒక్కటే తేడా.

ముక్కూ మొహం తెలియని మెంటార్

ఫోన్లు వచ్చాక తోడును పెద్ద ఎత్తున పంచవచ్చన్న ఆశ పుట్టింది. 2021 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం ‘దేశ్ కే మెంటార్’ ప్రారంభించింది. 9 నుంచి 12 తరగతుల ప్రభుత్వ పాఠశాలల పిల్లలతో చదువుకున్న యువతీయువకులు ఫోన్లో మాట్లాడి దారి చూపాలన్నది పథకం. నమోదు యాప్ ద్వారా. కొద్ది నెలలకే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అడ్డుచెప్పింది. మెంటార్ల నేపథ్యాన్ని పోలీసుల ద్వారా సరిచూడకుండా పిల్లలను అపరిచితులతో కలపడం ప్రమాదమని, లోపాలు సరిదిద్దేదాకా ఆపాలని సూచించింది. ఆ వివాదంలో రాజకీయాలను పక్కన పెట్టినా ప్రశ్న మిగిలే ఉంటుంది.

పిల్ల నమ్మకం సంపాదించడమే ఈ పని సారం కాబట్టి, దాన్ని దుర్వినియోగం చేయాలనుకునేవాడికి కూడా ఇదే దగ్గరి దారి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగొచ్చని అనుమానం కలిగినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. వాలంటీర్లలో ఎంతమందికి ఈ సంగతి చెప్పి పంపుతున్నారన్నది ఏ సంస్థనైనా అడగాల్సిన మొదటి ప్రశ్న. మూసిన తలుపుల వెనక ఒంటరిగా కలవకూడదు, పిల్లకు సొంత నంబరు నుంచి రాత్రిపూట మెసేజీలు పెట్టకూడదు, పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 ఎందుకుందో పిల్లలకే చెప్పాలి. చెప్పుకోవడానికి చిన్న నియమాలే. ఇవి రాసి ఉంచని సంస్థలో ఎంత మంచివాళ్లున్నా తల్లిదండ్రులు వెనకాడటం న్యాయమే.

తెలుగు రాష్ట్రాల్లో సాయంత్రం ఎవరిది?

దేశంలో గ్రామీణ పిల్లల్లో డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్లేవారు 2018లో 26.4% ఉంటే 2022 నాటికి 30.5%కి చేరారని గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే చెబుతోంది. బిహార్, పశ్చిమ బెంగాల్‌లలో అది 70% దాటింది. తెలుగు రాష్ట్రాల్లో విడిగా ట్యూషన్ సంస్కృతి అంతగా కనిపించకపోవడానికి కారణం ఇక్కడ అది బడిలోనే కలిసిపోవడం. ప్రైవేటు బడి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటుంది. రెసిడెన్షియల్ కాలేజీ రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెడుతుంది. సాయంత్రం అంటే మరికొంత సిలబస్ అన్న అర్థం అక్కడి నుంచే ప్రభుత్వ బడికీ పాకింది. జనవరి వచ్చేసరికి పదో తరగతికి ప్రత్యేక తరగతులు, ఉదయం గంట, సాయంత్రం గంట, నడుమ అల్పాహారం. పాస్ శాతాలతో జిల్లాలకు ర్యాంకులిచ్చే పద్ధతిలో ఇది అర్థమయ్యేదే. ఆరో తరగతిలో వాక్యం చదవలేక కూర్చున్న పిల్లకు ఆ సాయంత్రం మాత్రం ఏ ర్యాంకులోకీ రాదు.

ఒక సంక్షేమ హాస్టల్లో స్టడీ అవర్‌ను దగ్గరగా చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఆరున్నరకు వరండాలో తరగతులవారీగా చాపలు. ట్యూటర్ వస్తారు, ముందు వరసలో ముగ్గురు నలుగురు సందేహాలు అడుగుతారు, వాళ్లకు ఎలాగూ వచ్చు. వెనక వరసలో ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు గైడు ముందు పెట్టుకొని జవాబులు ఎక్కిస్తుంటాడు. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, నోట్సు ఎప్పుడూ పూర్తే. అదే పేరా పైకి చదవమంటే రెండో మాట దగ్గర ఆగిపోతాడు. అక్షరాలను బొమ్మల్లా దించడం నేర్చాడు. ట్యూటర్ దృష్టి అతని మీద పడదు, ఎందుకంటే అల్లరి చేయడు. ఇతనికి కావాల్సింది సిలబస్ పునశ్చరణ కాదు, తమిళనాడు వాకిట్లో జరిగినట్టు అతను ఆగిన చోటు నుంచి మొదలుపెట్టే మనిషి.

దూరం సంగతి కూడా చూడాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. టికెట్టు సమస్య తీరింది గానీ, ఊరికి తిరిగే ఆఖరి పల్లెవెలుగు అయిదున్నరకే అయితే ఆరింటి తరగతి ఆడపిల్లలకు లేనట్టే. ఉన్నత పాఠశాలలో పెట్టే కార్యక్రమం ఊరివాళ్లకే ఉపయోగం; చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు వాళ్ల వీధిలో జరిగేదే దిక్కు.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ 18 ఏళ్ల దగ్గర ఉంది. బాలల సంరక్షణ గృహాల్లో పెరిగినవారు ఆ వయసు రాగానే బయటికి రావాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం అలాంటివారికి ఆర్థిక సాయం అందించవచ్చని చెప్పింది. నియమాలు 21 ఏళ్ల దాకా, ప్రత్యేక సందర్భాల్లో 23 దాకా తదుపరి సంరక్షణకు వీలు కల్పించాయి. పిల్లల సంరక్షణకు ఉద్దేశించిన కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటుంది. డబ్బుతో గది అద్దె కొంత తీరుతుంది. గది ఇచ్చే ఓనరు ‘మీ నాన్న ఏం చేస్తారు?’ అని అడిగినప్పుడు పక్కన నిలబడి మాట్లాడే పెద్దను మాత్రం పథకం ఇవ్వలేదు. ఏళ్ల తరబడి సాగే తోడుకు ఇంతకన్నా అవసరమున్న గుంపు లేదు. కానీ కార్యక్రమాలు ఎక్కువగా ఆరు నుంచి పదో తరగతి మధ్యే ఆగిపోతున్నాయి. ఎందుకంటే బడిలో పిల్లలు ఒకేచోట దొరుకుతారు, ఫోటోకూ బాగుంటుంది.

డబ్బు ఎక్కడ తెగుతుంది

వాలంటీరు ఉచితం కాబట్టి కార్యక్రమం చవక అన్న భ్రమ ఇంకా పోలేదు. వాలంటీరును వెతకడం, సరిచూడటం, జతచేయడం, నెలనెలా ఇద్దరితో మాట్లాడటం, రానప్పుడు ఎందుకు రాలేదో కనుక్కోవడం ఇవన్నీ చేసేది జీతం తీసుకునే సమన్వయకర్త. 1995 అధ్యయనంలో ఫలితాలిచ్చిన సంస్థలన్నిట్లో ఆ మనిషి ఉన్నాడు. మన దగ్గర దాతలు టీషర్టులకు, స్కూలు బ్యాగులకు, ప్రారంభోత్సవానికి సంతోషంగా ఇస్తారు. సమన్వయకర్త జీతం మాత్రం ‘పరిపాలనా ఖర్చు’ కిందికి పోయి మొదటి కోతకు గురవుతుంది.

కాలెండరు దగ్గర ఇంకో చిక్కుంది. 2013 నాటి కంపెనీల చట్టం పెద్ద కంపెనీల లాభాల్లో 2% సామాజిక బాధ్యతకు కేటాయించాలంది. ఆ ఖర్చు లెక్క మార్చి 31తో ముడిపడి ఉంటుంది. ఒప్పందం కుదిరి మనుషులు దొరికేసరికి ఆగస్టు, సెప్టెంబరు అవుతుంది. మార్చికి నివేదిక, వీడియో, ముగింపు సభ. పిల్ల లెక్కలో తోడు ఆరేడు నెలలే సాగింది, అంటే పరిశోధనలు మేలు కనిపించదన్న హద్దుకు కాస్త అటూ ఇటూ. మరుసటి ఏడాది కొత్త అన్న, కొత్త పరిచయం, అదే మొదటి ప్రశ్న: ‘పెద్దయ్యాక ఏమవుతావు?’

పైగా మార్చి తరవాతే అసలు గండం. గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో మిర్చి కోతలు అప్పటికింకా సాగుతుంటాయి, ఆపైన మామిడి, ఆపైన పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ పని. ఏప్రిల్ 23న బడి మూస్తే జూన్ 12న తెరుస్తారు. ఆ ఏడు వారాల్లో చేతికి మొదటి కూలి అందుకున్న కుర్రాడు, సంబంధం కుదిరిన పదో తరగతి పిల్ల, జూన్‌లో పేరు పిలిచినప్పుడు పలకరు. హాజరు పట్టీలో వరసగా పది రోజులు సున్నా పడ్డాక ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి అడగాలి. ఇల్లెక్కడో తెలిసిన మనిషి ఒప్పందం మార్చిలోనే ముగిసింది.